గులాబీ రంగు సీసా: రోజ్ బెంగాల్ యాంటిజెన్‌తో ఒక పల్నాటి పశువైద్యురాలి అనుభవం

పశువుల్లో బ్రూసెల్లోసిస్‌ను, అంటే చూడి పశువు నెలలు నిండకుండానే దూడను పడేసే, మన రైతులు ఈసుకుపోవు రోగం అనేదాన్ని పట్టుకోవడానికి వాడే రోజ్ బెంగాల్ యాంటిజెన్ మీద నా అభిప్రాయం ఇది. నేను పల్నాడులో ఒక మండల కేంద్రంలో పశువుల డాక్టర్ని. మా ఆస్పత్రి ఫ్రిజ్‌లో టీకాల పక్కన ఈ సీసా ఎప్పుడూ ఒకటి ఉండేలా చూసుకుంటాను. తోటి డాక్టర్లు, గోపాలమిత్రలు, పది గేదెలతో డెయిరీ నడిపే రైతులు దీని గురించి అడుగుతూనే ఉంటారు: కొనొచ్చా, నమ్మొచ్చా, మేమే చేసుకోవచ్చా అని. ముందే చెప్పేస్తాను. పశువైద్యశాల అన్నాక ఇది ఉండి తీరాలి. నమ్మొచ్చు, కానీ ఎంతవరకు నమ్మాలో తెలిసి నమ్మాలి. రైతు సొంతంగా చేసుకోవడం మాత్రం వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

సీసాలో ఉండేది చంపేసిన బ్రూసెల్లా అబార్టస్ క్రిములు. వాటికి రోజ్ బెంగాల్ అనే రంగు పట్టించి, పీహెచ్ 3.65 దగ్గర ఉండే ఆమ్ల ద్రావణంలో కలిపి ఉంచుతారు. పశువు ఒంట్లోకి ఈ క్రిమి ఎప్పుడైనా జొరబడి ఉంటే దాని మీద యాంటీబాడీలు తయారై రక్తంలో తిరుగుతుంటాయి. ఆ రక్తం నుంచి తీసిన సీరమ్‌ను ఈ రంగు క్రిములతో కలిపితే, యాంటీబాడీలు క్రిముల్ని పట్టి గుంపులు కట్టిస్తాయి. ఆ గుంపులు కంటికి కనిపిస్తాయి. ద్రావణానికి అంత ఆమ్ల గుణం ఎందుకంటే, వేరే కారణాల వల్ల వచ్చే పైపై గుంపుల్ని అది చాలావరకు అణిచేస్తుంది. మైక్రోస్కోపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మా ఊళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద సుగుణమో వేరే చెప్పనవసరం లేదు.

చేసే పద్ధతి చూద్దాం. పశువు మెడ దగ్గర నరం నుంచి ఎర్ర మూత ట్యూబులోకి ఐదు మిల్లీలీటర్ల రక్తం తీస్తాం. ట్యూబును వాలుగా పెట్టి నీడలో వదిలేస్తే రక్తం గడ్డకట్టి, పైన లేత పసుపు సీరమ్ తేరుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్ మామూలు గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చల్లగా ఉండగానే చేసి, ఏమీ రాలేదని నెగెటివ్ రాసేసినవాళ్లను నేను చూశాను. సీసాను మెల్లగా తిప్పి, అడుగున పేరుకున్న రంగు అంతా కలిశాక, తెల్లటి పలక మీద 30 మైక్రోలీటర్ల సీరమ్, దాని పక్కనే 30 మైక్రోలీటర్ల యాంటిజెన్ వేస్తాను. పుల్లతో రెండింటినీ రూపాయి బిళ్లంత వెడల్పున కలుపుతాను. ఒక చుక్కకు వాడిన పుల్ల ఇంకో చుక్కకు తగలకూడదు. ఆ తర్వాత పలకను చేతిలో పట్టుకుని నాలుగు నిమిషాల పాటు అటూ ఇటూ ఒరిపిస్తూ ఉండాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. నాలుగు నిమిషాలంటే మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపే.

నెగెటివ్ అయితే చుక్క మొదటి నుంచి చివరి దాకా ఒకే గులాబీ రంగులో నునుపుగా ఉండిపోతుంది. పాజిటివ్ అయితే పాలు విరిగినట్టు విడిపోతుంది. ముందు చుక్క అంచున సన్నటి పలుకులు లేస్తాయి, తర్వాత మధ్యలోకి పాకుతాయి, పలుకుల మధ్య ద్రవం తేటపడుతుంది. గట్టి పాజిటివ్ అయితే నిమిషం కూడా పట్టదు. బలహీనమైనదైతే మూడో నిమిషం దాటాక, అంచున మాత్రమే, అదీ కిటికీ వెలుగులో పలకను వంచి చూస్తేనే తెలుస్తుంది. సన్నటి పలుకులు కనిపించినా పాజిటివ్ కిందే లెక్క. నాలుగు నిమిషాలు దాటాక కనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అప్పటికి చుక్క అంచులు ఆరిపోవడం మొదలై, ఎండిన రంగు కూడా పలుకుల్లాగే కనబడుతుంది.

ఈ సీసా విలువ నాకు బాగా తెలిసిన సందర్భం ఒకటి చెప్తాను. వినుకొండ వైపు ఒక ఊళ్లో పదకొండు గేదెల పాక. ఇంటి చిన్న కొడుక్కి పాతికేళ్లు కూడా ఉండవు. పాలు పిండేది, ఈతలు చూసేది అతనే. మాఘమాసంలో అతనికి జ్వరం మొదలైంది. పగలు బాగానే ఉండేవాడు, సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, రాత్రి చెమటకు పక్కబట్టలు తడిసి మార్చాల్సి వచ్చేది, నడుము లేవనిచ్చేది కాదు. టైఫాయిడ్ అని మందులిచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ టైఫాయిడ్ మందులే. ఆ తర్వాత వెన్నెముక టీబీ ఏమో అన్నారు. మనిషి సగం అయిపోయాడు. చివరికి గుంటూరులో ఒక డాక్టరు గారు మంచం పక్కన కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న, "మీకు పశువులున్నాయా, బాబూ?" అని. రక్తం బ్రూసెల్లా పరీక్షకు పంపారు. టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల కొలత, చాలా ఎక్కువ వచ్చింది. ఆరు వారాల డాక్సీసైక్లిన్, దానికి తోడు రిఫాంపిసిన్ మొదలుపెట్టారు.

ఆ రిపోర్టు కాగితం పట్టుకుని తండ్రి మా ఆస్పత్రికి వచ్చాడు. "మేడమ్ గారూ, మావాడి జ్వరం గేదెల వల్లనే అంటున్నారు. మా గేదెలన్నీ లక్షణంగా ఉన్నాయి కదండీ. ఆ సంతలో కొన్న పడ్డే తెచ్చి పెట్టిందేమో చూడండి" అన్నాడు. ఆ పడ్డ వారం కిందటే ఏడో నెలలో ఈసుకుపోయింది. బక్కచిక్కిన పశువు, బయటి నుంచి వచ్చింది, ఈసుకుపోయింది. ఇంటిల్లిపాదీ దాని మీదే వేలు చూపించారు. ఎవరైనా అదే అనుకుంటారు.

పొద్దున్నే పాలు పిండే వేళకు వెళ్లి పదకొండింటి రక్తమూ తీశాను. అన్నిటినీ ఒకే పలక మీద వరసగా వేసి ఒరిపిస్తుంటే నిమిషం లోపే పలుకులు లేచిన చుక్క పడ్డది కాదు. ఆ ఇంటి పెద్ద గేదెది. పూటకు ఆరు లీటర్లిచ్చే గ్రేడెడ్ ముర్రా. నిగనిగలాడే ఒళ్లు, ఒక్క రోజు మేత మానిన పాపాన పోలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఇంటావిడ గుర్తు చేసుకుంది. మొదటి చూడిలో ఎప్పుడో అది ఈసుకుపోయిందట. ఆ తర్వాత అన్నీ మామూలు ఈతలే కాబట్టి ఎవరికీ పట్టలేదు. సంక్రాంతికి ఈనినప్పుడు మాయ పడకపోతే చిన్న కొడుకే ఒట్టి చేతులతో లాగి తీశాడట. ఆ మాట వినగానే నాకు నెలలు కలిశాయి.

బ్రూసెల్లా తీరే అంత. చూడి పశువును ఒకసారి ఈసుకుపోయేలా చేస్తుంది, ఆ తర్వాత చాలా పశువులు మామూలుగానే ఈనుతాయి. కానీ క్రిమి పొదుగులో, అక్కడి గ్రంథుల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ప్రతి ఈతకూ మాయతో, ఉమ్మనీటితో, తర్వాత వచ్చే మైలతో బయటికి వస్తుంది. పాలతో కూడా వస్తుంది. పశువుకు జ్వరం ఉండదు, దగ్గు ఉండదు, నీరసం ఉండదు. దాన్ని అమ్మాలన్న ఆలోచనే రైతుకు రాదు, ఎందుకంటే పాకలో అన్నిటికంటే మంచి గేదె అదే. మనిషికి వచ్చే అంటురోగం ఏ పశువులో దాక్కుందో కంటితో చూసి చెప్పడం ఎంత చదివిన డాక్టరుకైనా చేతకాదు. పలక మీద గులాబీ చుక్క చెప్పాల్సిందే.

ఈ సంగతి ప్రపంచానికి మొదట తెలిసిందీ ఇలాగే, ఇంచుమించు ఇదే రకం పరీక్షతో. మధ్యధరా సముద్రంలో మాల్టా ద్వీపం. అక్కడి బ్రిటిష్ సైనికులు ఏళ్ల తరబడి తిరగబెట్టే జ్వరంతో మంచాన పడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయినవారి ప్లీహంలో క్రిమిని కనిపెట్టాడు. కానీ అది మనిషికి ఎక్కడి నుంచి వస్తున్నదో ఆ తర్వాత పద్దెనిమిదేళ్ల దాకా తేలలేదు. గాలి అన్నారు, నీరు అన్నారు, మురుగు అన్నారు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా డాక్టరు మేకలకు ఆ క్రిమి ఎక్కించి చూద్దామని మేకల్ని తెప్పించాడు. ఎక్కించేముందు వాటి రక్తం పరీక్షిస్తే, చాలా మేకల రక్తం అప్పటికే క్రిమిని గుంపు కట్టించింది. ఏ జబ్బూ లేనట్టు కనిపించే మేకలవి. ఇంటింటి గుమ్మం ముందు నిలబెట్టి పాలు పిండి ఇచ్చే మేకలు. ద్వీపంలోని మేకల్లో దాదాపు పదింట ఒకటి పాలలో క్రిమిని వదులుతున్నట్టు తర్వాత తేలింది. 1906లో సైన్యానికి మేకపాలు ఆపేశారు, జ్వరం కేసులు అమాంతం పడిపోయాయి. మందుతో కాదు, ఏ పశువులో ఉందో తెలియడంతో. ఈ కథ నేను రైతులకు చాలాసార్లు చెప్తాను. పెద్ద గేదె సంగతి నమ్మని ఆ తండ్రి కూడా మాల్టా మేకల గురించి విన్నాకే మెత్తబడ్డాడు.

అయితే ఆ పాకలోనే ఈ పరీక్షకున్న హద్దులు కూడా కనబడ్డాయి. ఈసుకుపోయిన పడ్డ మొదటిసారి నెగెటివ్ వచ్చింది. ఈతకో, ఈసుకుపోవడానికో అటూ ఇటూ ఉన్న రోజుల్లో రక్తంలో యాంటీబాడీలు తక్కువగా ఉండొచ్చు. కొత్తగా అంటిన పశువుల్లో ఇంకా తయారై ఉండకపోవచ్చు. అందుకే ఈసుకుపోయిన పశువు రక్తాన్ని రెండు మూడు వారాలు పోయాక మళ్లీ చూడాలి. అలాగే చూశాను. పడ్డ కూడా పాజిటివ్. "చూశారా, నే చెప్పలే!" అన్నాడు తండ్రి. కానీ ఏది దేనికి అంటించిందో ఈ పరీక్ష చెప్పదు. పశువు ఆ క్రిమిని ఎదుర్కొన్నదని మాత్రమే చెప్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ పశువు నుంచి అన్నది చెప్పదు. పాత గేదె ఈతలో పాకంతా మైల పడింది, పడ్డ అప్పటికి పాకలోనే ఉంది. కాబట్టి పడ్డకు ఇక్కడే అంటిందని నా అంచనా. అంచనాను అంచనాగానే చెప్పాలి, రిపోర్టులో రాయకూడదు.

తప్పు పాజిటివ్‌లు కూడా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది టీకా వల్ల వచ్చేది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు, పెయ్యలకైనా పడ్డలకైనా, ఎస్19 టీకా జీవితంలో ఒక్కసారి వేస్తున్నాం. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. వేసిన కొన్ని నెలల పాటు ఈ పరీక్షలో పాజిటివ్ చూపిస్తుంది. సరైన వయసులో వేస్తే పశువు పెద్దదయ్యేసరికి చాలావరకు తగ్గిపోతుంది. అందుకని పలక మీద చుక్క వేసే ముందు చెవి పోగు మీది పన్నెండు అంకెల నంబరు కొట్టి, టీకా ఎప్పుడు పడిందో చూసుకోవాలి. పోగు ఊడిపోయిన పశువైతే ఇంటివాళ్లను అడగాలి. ఇంకొకటి, యెర్సీనియా అనే వేరే క్రిమిలో ఒక రకం బ్రూసెల్లాను పోలి ఉంటుంది, అది కూడా అప్పుడప్పుడు మోసం చేస్తుంది.

అందుకే పాజిటివ్ వచ్చిన ప్రతి సీరమ్‌నూ ఎలైసాకు, అంటే ల్యాబ్‌లో యాంటీబాడీల్ని కొలిచే పరీక్షకు, పంపి ఖాయం చేసుకుంటాను. బ్రూసెల్లోసిస్ మీద బెంగళూరు యలహంకలోని నివేది అనే పశురోగాల పరిశోధన సంస్థ చాలాకాలంగా పనిచేస్తున్నది, ఎలైసా కిట్లు కూడా తయారుచేసింది. రోజ్ బెంగాల్ ఊరికి వచ్చి వేలు చూపిస్తుంది. తీర్పు చెప్పాల్సింది ఎలైసా. ఈ రెండో మెట్టు ఎక్కకుండా ఒక్క గులాబీ చుక్కతో "ఈ గేదెను వదిలించుకో" అని రైతుకు చెప్పేవాళ్లుంటే, దయచేసి ఆ పని చేయకండి. ఒక గేదె అంటే చాలా ఇళ్లలో అది పిల్లల ఫీజు, కూతురి పెళ్లి అప్పు వాయిదా. ఆ పెద్ద గేదె, పడ్డ రెండూ ఎలైసాలో కూడా పాజిటివే వచ్చాయి.

రైతులు సొంతంగా చేసుకోవద్దని మొదట్లో అన్నాను కదా. చెయ్యి తిరగడం ఒక్కటే కారణం కాదు. పలుకులు చూడటం ఎవరైనా నేర్చుకుంటారు. కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. పాజిటివ్ చుక్క చూసిన రైతు ఒంటరిగా ఉంటే మొదట చేసే పని, ఆ వారమే పశువును సంతకు తోలడం. తప్పు అతనిది కూడా కాదు, నష్టం మొత్తం అతని నెత్తినే పడుతుంది కాబట్టి. కానీ ఆ గేదె ఇంకో ఊళ్లో ఇంకో పాకలో ఈనుతుంది, అక్కడ ఇంకో కుర్రాడు మాయ లాగుతాడు. మా ఇంట్లో కూడా ఆ మాట వచ్చింది. మా ఇల్లు అంటున్నాను, ఆ పదకొండు గేదెల ఇంటితో అంత దగ్గరతనం అయిపోయింది. తండ్రి అమ్మేద్దామన్నాడు. ఇంటావిడ ఒప్పుకోలేదు. "మనవాడు పడ్డది చాల్దా, ఇంకో తల్లి కూడా పడాలా?" అంది. పశువును ఊరి చివర చేలో వేరే పాకలో కట్టారు. రోగం ఖాయమైన పశువుకు రైతుకు సరైన పరిహారం దొరికితే ఈ పరీక్షకు ఎవరూ భయపడరని నా గట్టి నమ్మకం. భయం ఉన్నన్నాళ్లూ ఫ్రిజ్‌లో సీసా ఉన్నా రక్తం ఇవ్వడానికి పశువు దొరకదు.

పాజిటివ్ వచ్చాక నేను చెప్పేవి ఇవి. పశువును విడిగా కట్టాలి, నీళ్ల తొట్టి కూడా వేరే ఉండాలి. పాలు బాగా పొంగి మరిగాకే ఎవరైనా ముట్టాలి. మన ఇళ్లలో పాలు కాచుకునే అలవాటు మంచిదే, కానీ చిన్నపిల్లలకు పొదుగు కింద గిన్నె పెట్టి గుమ్మపాలు తాగించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ముచ్చట మానుకోవాలి. ఈత సమయంలో భుజం దాకా వచ్చే గ్లౌజులు లేకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ దరిదాపులకే రాకూడదు. మాయను, చచ్చిన దూడను పెంటకుప్ప మీద పారేయొద్దు, కుక్కలు ఈడ్చుకుపోతాయి. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. దున్నపోతుతో దాటించకూడదు. యాంటీబయాటిక్‌లతో నయం చేయిస్తామనే మాటలు నమ్మొద్దు. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, మందు ఆపాక మళ్లీ బయటపడుతుంది. మిగిలిన పశువుల్ని నెలకో, రెండు నెలలకో మళ్లీ పరీక్షిస్తూ అన్నీ నెగెటివ్ వచ్చేదాకా సాగాలి. పెద్ద గేదెకు పుట్టిన ఆడ దూడలు ఇప్పుడు నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు. తల్లి నుంచి అంటిన దూడల్లో కొన్ని తొలి ఈత దాకా ఈ పరీక్షకు దొరకవు.

పాల సొసైటీలు అడిగితే నేను ఇంకో సీసా సంగతి చెప్తాను, మిల్క్ రింగ్ టెస్ట్. అందులో యాంటిజెన్ నీలం రంగులో ఉంటుంది. ఆవుపాలు ఒక మిల్లీలీటరు తీసుకుని చుక్క కలిపి, 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే, పాజిటివ్ పాలలో మీగడ పొర నీలంగా తేలుతుంది, కింద పాలు తెల్లగా ఉంటాయి. ఒక్కో పశువు దగ్గరకీ వెళ్లకుండా, క్యాను పాలు చూసి ఏ పాకల వైపు అడుగు వేయాలో తెలుసుకోవడానికి ఇది మంచి దారి. అయితే పొదుగువాపు ఉన్న పాలు, ఈనిన తొలి రోజుల ముర్రుపాలు దీన్ని పక్కదారి పట్టిస్తాయి. మేక, గొర్రె పాలకు పనికిరాదు. మనకు గేదెపాలే ఎక్కువ కాబట్టి, నేనైతే దీన్ని ముందు జల్లెడగానే వాడి, రక్తం పరీక్ష మీదే ఆధారపడతాను.

గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వాటిలో తిరిగే బ్రూసెల్లా మెలిటెన్సిస్ మనిషిని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసే రకం, మాల్టా సైనికుల్ని పట్టిందీ అదే. మంచి సంగతి ఏంటంటే ఈ సీసానే దానికీ పనిచేస్తుంది. కాకపోతే సీరమ్ పాళ్లు పెంచాలి: 25 మైక్రోలీటర్ల యాంటిజెన్‌కు 75 మైక్రోలీటర్ల సీరమ్. గేదెలకు వేసినట్టు సమానంగా వేస్తే బలహీనమైన పాజిటివ్‌లు జారిపోతాయి. ఈ తేడా చాలామందికి తెలియదు. మా వైపు గొర్రెల కాపరులు మందతోపాటే పడుకుంటారు, గొర్రె ఈనేటప్పుడు పిల్లను చేతులతోనే అందుకుంటారు. కీళ్లనొప్పులతో, సాయంత్రం జ్వరంతో తిరిగే కాపరి కనిపిస్తే నేను మందను కూడా చూస్తాను, మనిషినీ డాక్టరు దగ్గరకు పంపుతాను. కుక్కల్లో వచ్చే బ్రూసెల్లా కేనిస్‌ను మాత్రం ఈ యాంటిజెన్ పట్టదు. దానికి వేరే పరీక్ష ఉంది.

ఇక కొనడం, నిల్వ సంగతి. ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ), బెంగళూరులోని ఐఏహెచ్ అండ్ వీబీ (పశు ఆరోగ్య, టీకాల తయారీ సంస్థ) ఈ యాంటిజెన్ తయారుచేస్తాయి, ప్రైవేటు కంపెనీలవి కూడా దొరుకుతాయి. నేను వాడే 10 మిల్లీలీటర్ల సీసాతో లెక్క ప్రకారం మూడు వందల పైచిలుకు పరీక్షలు చేయొచ్చు. పైపెట్ కొసల్లో పోయేవి, మళ్లీ చేసేవి తీసేసినా ఒక పెద్ద ఊరి పశువులకు సరిపోతుంది. ఒక్కో పరీక్షకు పడే ఖర్చు చాలా తక్కువ. మనిషికి బ్రూసెల్లా వస్తే ఆస్పత్రుల చుట్టూ తిరిగే ఖర్చుతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టి కరిగిన సీసాలో క్రిములు వాటంతటవే పలుకులు కడతాయి, అప్పుడు ప్రతి పశువూ పాజిటివే. ఒక సరఫరాదారు పంపిన పెట్టె మే నెల ఎండలో ఐసుముక్కలు కరిగి, సీసా వెచ్చగా మా చేతికి వచ్చింది. దాన్ని వాడకుండా వెనక్కి పంపేశాం, మార్చి ఇవ్వడానికి వాళ్లు చాలాకాలం తిప్పారు. అందుకే పెట్టె విప్పగానే ముందు చేత్తో పట్టుకుని చూడండి, తర్వాతే సంతకం పెట్టండి.

నాకున్న అసలు ఫిర్యాదు ఏంటంటే, చాలా సీసాలతోపాటు తెలిసిన పాజిటివ్ సీరమ్, తెలిసిన నెగెటివ్ సీరమ్ ఇవ్వరు. ఇవి లేకుండా పరీక్ష చేయడమంటే సీసా బతికుందో లేదో తెలియకుండా ఫలితం చెప్పడమే. నేను ఎలైసాలో ఖాయమైన పాజిటివ్ సీరమ్‌ను చిన్న చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో దాచుకుంటాను, ఎస్19 పడని, ఎలైసాలో నెగెటివ్ వచ్చిన పశువు సీరమ్ కూడా అలాగే. ప్రతి పలక మీద మొదటి రెండు చుక్కలు ఈ రెండింటివే వేస్తాను. పాజిటివ్ చుక్క పలుకులు కట్టి, నెగెటివ్ చుక్క నునుపుగా ఉంటేనే మిగిలినవాటి మీద నా నమ్మకం. తయారీదారులు ప్రతి సీసాతో ఈ రెండు చుక్కలూ ఇస్తే ఊళ్లలో పనిచేసేవాళ్లకు ఎంతో మేలు.

ఇంకో కోరిక కూడా ఉంది. సీసాతో వచ్చే కాగితం ఇంగ్లిషులో, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఊళ్లో పలక పట్టుకునేది చాలాసార్లు మా పశుసంవర్ధక సహాయకులు. వాళ్లకు తెలుగులో నాలుగు బొమ్మలతో ఒక పేజీ ఇస్తే చాలు. నునుపు చుక్క, బలహీనమైన పలుకులు, గట్టి పలుకులు, ఎండిపోయిన అంచు. నేను సొంతంగా ఫోటోలు తీసి అలాంటి పేజీ ఒకటి తయారుచేసి మా మండలంలో పంచాను, గోడకు అతికించుకుని వాడుతున్నారు.

కొత్త పశువు కొనేవాళ్లు ఈ పరీక్షను రెండుసార్లు చేయించుకోవాలి. కొనేటప్పుడు ఒకసారి, ఇంటికి తెచ్చి నెల రోజులు విడిగా కట్టాక ఇంకోసారి. సంతలో అమ్మేవాడు చూపించే పాత రిపోర్టు కాగితాన్ని చెవి పోగు నంబరుతో సరిపోల్చకుండా నమ్మొద్దు. ఇంట్లో ఎవరికైనా తిరగబెట్టే జ్వరం ఉంటే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, మాకు పశువులున్నాయని, ఫలానాది ఈసుకుపోయిందని. ఆ కుర్రాడి విషయంలో ఆ ఒక్క ప్రశ్న మాఘమాసంలోనే పడి ఉంటే మనిషి అంత నలిగేవాడు కాదు. ఇప్పుడతను కోలుకుని మళ్లీ పాలు పిండుతున్నాడు, ఈతలకు మాత్రం గ్లౌజులు అడిగి తీసుకెళ్తాడు.

సీసా తెరిచిన రోజు తేదీని మూత మీద పెన్నుతో రాసుకోండి. గడువు తేదీ ఇంకా ఉన్నా, సీసాను తిప్పినప్పుడు రంగు సమంగా కలవకుండా గింజలు గింజలుగా కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేసి కొత్తది తెరవండి.